కుర్చీకి వేరు, మనిషికి వేరు

ఈ నెల వచ్చిన ఉత్తరాలు దాదాపు అన్నీ ఒకే విషయం మీద ఉన్నాయి. వీల్‌చైర్‌లో కూర్చున్న మనిషిని ఆ కుర్చీతో సహా బండిలో తీసుకెళ్లాలంటే బెల్టులు ఎలా కట్టాలి, ఎక్కడ కట్టాలి, ఎవరితో బిగించుకోవాలి అని అడిగారు. మన విశాఖలో గాజువాక నుంచి భీమిలి దాకా చాలా ఇళ్లలో ఈ ఇబ్బంది ఉందని ఉత్తరాలు చదువుతుంటే అర్థమైంది. పేర్లు వేయొద్దని కొందరు కోరారు, అందుకని అందరివీ ఊరు, పేట పేర్లతోనే ఇస్తున్నాం.

ప్రశ్న: మా నాన్నగారికి పక్షవాతం వచ్చి ఎడమ వైపు చెయ్యి, కాలు పడిపోయాయి. ఫిజియోథెరపీకి కేజీహెచ్ ఆసుపత్రికి తీసుకెళ్లాలి. కారులోకి ఎక్కించి దించడం కష్టంగా ఉందని మా తమ్ముడు ఒక పాత వ్యాను కొని, వెనక సీట్లు తీయించి, నాన్నని వీల్‌చైర్‌తో పాటే ఎక్కిస్తున్నాడు. కుర్చీని నైలాన్ తాడుతో ముందు సీటుకి కడతాం, బ్రేకులు వేస్తాం, కుర్చీకే ఉన్న బెల్టు నాన్నకి పెడతాం. మొన్న ఎన్ఏడీ జంక్షన్ దగ్గర బండికి ఎవరో అడ్డం వస్తే తమ్ముడు గట్టిగా బ్రేకు వేశాడు, కుర్చీ జారి నాన్న నుదురు ముందు సీటుకి కొట్టుకుంది. ఇంకా గట్టి తాడు వాడాలా? (గాజువాక)

జవాబు: నాన్నగారికి పెద్ద దెబ్బ తగల్లేదనే అనుకుంటున్నానమ్మా. అయినా పక్షవాతం వచ్చినవాళ్లు చాలామంది రక్తం పల్చబడే మందులు వాడుతుంటారు, ఆయన కూడా వాడుతుంటే తలకి తగిలిన చిన్న దెబ్బనైనా డాక్టరుకి ఒకసారి చూపించండి. ఇది ముందు చేయండి, మిగతాది తర్వాత చదవండి.

ఇక తాడు సంగతి. ఎంత గట్టి తాడైనా వద్దు. గంటకి 50 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి దేన్నైనా గుద్దుకుంటే లోపల ఉన్న ప్రతి వస్తువూ తన బరువుకి సుమారు 20 రెట్ల బలంతో ముందుకి తోసుకొస్తుంది. మీ మడత కుర్చీ 18 కిలోలు ఉందనుకుంటే, ఆ క్షణంలో దాన్ని ఆపడానికి 360 కిలోల బలం కావాలి. 70 కిలోల మనిషిని ఆపడానికి 1400 కిలోల బలం కావాలి. నైలాన్ తాడు సాగుతుంది, ముడి జారుతుంది, పైగా మీరు కట్టింది ముందు సీటుకి, ఆ సీటు అంత భారం మోయడానికి చేసింది కాదు. కుర్చీ బ్రేకులంటారా, అవి ఇంట్లో మంచం పక్కన కుర్చీ కదలకుండా ఉండటానికి టైరుని నొక్కి పట్టే చిన్న లివర్లు. రోడ్డు మీద బండి ఆగినప్పుడు అవి ఎందుకూ పనికిరావు.

అన్నిటికంటే ముందు ఒక్క మాట అడుగుతాను. నాన్నగారు ఒకరి సాయంతో కాసేపైనా నిలబడగలరా? నిలబడగలిగితే ఆయన్ని బండి సీటులోకే మార్చండి. కంపెనీ బిగించిన సీటు, దానికి ఉన్న మూడు చోట్ల పట్టే బెల్టు, వెనక తలకి ఆనే హెడ్‌రెస్ట్, వీటికి మించిన రక్షణ ఏ వీల్‌చైర్‌లోనూ లేదు. కుర్చీ నుంచి సీటులోకి మారేటప్పుడు ఆయనకి బలం ఉన్న వైపు, అంటే కుడి వైపు, సీటు ఉండేలా కుర్చీని పెట్టుకుంటే సగం కష్టం తగ్గుతుంది. మధ్యలో ఆనడానికి నున్నటి ట్రాన్స్‌ఫర్ బోర్డు ఒకటి దొరుకుతుంది, దాని మీద జరిగి వెళ్లొచ్చు. కేజీహెచ్‌లో మీరు చూపిస్తున్న ఫిజియోథెరపిస్టునే అడగండి, నాన్నగారిని ఎదురుగా పెట్టుకుని ఎక్కడ పట్టుకోవాలో మీ తమ్ముడికి నేర్పిస్తారు. ఖాళీ కుర్చీని మడిచి వెనక పడేసి ఊరుకోవద్దు, దాన్ని కూడా కట్టాలి, లేకపోతే బ్రేకు పడ్డప్పుడు అదే వచ్చి వీపుకి కొడుతుంది.

మారడం కుదరదు, కుర్చీలోనే కూర్చోవాలి అంటే అప్పుడు రెండు వేర్వేరు పనులు చేయాలి. కుర్చీని బండికి కట్టాలి, మనిషిని కూడా బండికే కట్టాలి. వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిలో జరుగుతున్న పొరపాటు ఇక్కడే ఉంది. కుర్చీని కట్టేశాం కదా, కుర్చీకి బెల్టు ఉంది కదా అనుకుంటారు. కుర్చీకి వచ్చే ఆ బెల్టు మనిషి జారిపోకుండా, నిటారుగా కూర్చోడానికి పెట్టింది. రెండు చిన్న స్క్రూలతోనో వెల్‌క్రోతోనో పట్టి ఉంటుంది. క్రాష్ టెస్ట్ చేసినట్టు లేబుల్ ఉన్న బెల్టు అయితే వేరే సంగతి, అది మన దగ్గర మామూలుగా దొరికే కుర్చీల్లో కనపడదు. దాన్ని తీసేయక్కర్లేదు, పెట్టుకోండి, కానీ దాన్ని ప్రాణం కాపాడే బెల్టుగా లెక్క వేయొద్దు.

కుర్చీ ఎప్పుడూ బండి వెళ్లే దిక్కుకే చూడాలి. నాలుగు పట్టీలు ఉండాలి, ముందు రెండు, వెనక రెండు. ఎదురు గుద్దులో అసలు భారం మోసేవి వెనక రెండు పట్టీలు. ముందువి కుర్చీ వెనక్కి వాలిపోకుండా, అటూ ఇటూ ఊగకుండా పడతాయి. కొక్కేలు తగిలించాల్సిన చోటు కుర్చీ అసలు ఫ్రేమ్ మీద, గొట్టాలు ఒకదానికొకటి వెల్డింగ్‌తో కలిసే దగ్గర, సీటు మట్టానికి కాస్త దిగువన. కాళ్లు పెట్టుకునే ఫుట్‌రెస్టుకి, చేతులు ఆనించే ఆర్మ్‌రెస్టుకి, చక్రాలకి, పైకి లాగితే ఊడొచ్చే ఏ భాగానికీ కొక్కెం తగిలించకూడదు. వాహనాల్లో వాడటానికని పరీక్షించిన కుర్చీలైతే ఫ్రేమ్ మీద నాలుగు చోట్ల కొక్కెం బొమ్మతో గుర్తులు ఉంటాయి, కొత్త కుర్చీ కొనే ఆలోచన ఉంటే ఆ గుర్తులు, ఐఎస్ఓ 7176-19 అనే నంబరు ఉన్నాయా అని అడిగి కొనండి. గంటకి 48 కిలోమీటర్ల వేగంతో గుద్దినట్టు చేసి, లోపల బొమ్మ మనిషిని కూర్చోబెట్టి చూసే పరీక్ష అది.

పట్టీ మెలి పడకూడదు, ఫ్లోర్ నుంచి ఫ్రేమ్‌కి తిన్నగా రావాలి, మధ్యలో చక్రం ఊచల్లోంచి దూరి రాకూడదు. వెనక పట్టీలు ఫ్లోర్‌తో 30 నుంచి 45 డిగ్రీల వాలులో ఉంటే మంచిది. ముందు వైపు కొక్కేలు తగిలించి, కుర్చీని కాస్త వెనక్కి లాగి ముందు పట్టీలు బిగుసుకున్నాక బ్రేకులు వేసి, అప్పుడు వెనక పట్టీలు బిగించండి. హ్యాండిల్ పట్టుకుని గట్టిగా ఊపి చూడండి. బండి మొత్తం ఊగాలి తప్ప కుర్చీ విడిగా కదలకూడదు.

తర్వాత నాన్నగారికి బెల్టు. నడుం పట్టీ పొట్ట మీద ఉండకూడదు, ఇది చాలామంది పట్టించుకోరు. రెండు వైపులా తుంటి ఎముకలు చేతికి తగులుతాయి చూడండి, వాటికి ముందు, తొడలు మొదలయ్యే చోట, కిందికి ఉండాలి. పొట్ట మీద ఉంటే గుద్దులో ఆ బలమంతా లోపలి పేగులు, కాలేయం మీద పడుతుంది. భుజం పట్టీ భుజం మధ్యగా వచ్చి, ఛాతీ మీదుగా దిగి, తుంటి పక్కన నడుం పట్టీతో కలవాలి. దాని పై కొన కుర్చీ వెనక హ్యాండిల్‌కి కాదు, బండి గోడకి, ఆయన భుజం కంటే ఎత్తులో బిగించి ఉండాలి. ఆయన ఎడమ చెయ్యి తెలియకుండానే పక్కకి జారి చక్రం దగ్గర వేలాడుతుంది కాబట్టి దాన్ని ఒళ్లో ఒక చిన్న దిండు మీద పెట్టండి.

ఈ పట్టీలు, బెల్టులు కలిపి ఉండే కిట్ దొరికే దాకా అంబులెన్సులోనో, కష్టమైనా సరే కారు సీటులోనో తీసుకెళ్లండి. తాడు కట్టిన ఆ వ్యానులో మాత్రం వద్దమ్మా.

ప్రశ్న: నాకు ఒక వ్యాను ఉంది, ఆసుపత్రులకి పేషెంట్లని తిప్పుతుంటాను. విమ్స్‌కి, అగనంపూడి క్యాన్సర్ ఆసుపత్రికి వీల్‌చైర్ వాళ్లు ఎక్కువగా పిలుస్తున్నారు. ఆటోనగర్‌లో వెల్డింగ్ ఆయన ఫ్లోర్ రేకు మీద నాలుగు రింగులు వెల్డ్ చేసి ఇస్తానన్నాడు, తక్కువలో అయిపోతుంది. చాలా? (పెందుర్తి)

జవాబు: చాలదండీ. ఆయన వెల్డింగ్ ఎంత బాగా చేసినా అడుగున ఉన్నది పల్చటి రేకు. పైన చెప్పిన లెక్క మీ వ్యానుకీ వర్తిస్తుంది. మోటారుతో నడిచే పవర్ వీల్‌చైర్ ఎక్కితే ఆ కుర్చీ ఒక్కటే 100 కిలోలు దాటొచ్చు, అంటే గుద్దులో రెండు టన్నుల లాగుడు. రింగు ఊడదు, రింగుతో పాటు రేకు చిరిగి పైకి లేచి వస్తుంది. వెల్డింగ్ వేడికి ఆ చుట్టూ రేకు బలహీనపడటం, పెయింటు కాలిపోయి తుప్పు మొదలవడం ఇంకో నష్టం. మన విశాఖలో సముద్రపు గాలికి తుప్పు ఎంత తొందరగా పడుతుందో బండి నడిపేవారు మీకు నేను చెప్పక్కర్లేదు.

సరైన పద్ధతి ఏంటంటే, వీల్‌చైర్ బిగించే ట్రాకులని అల్యూమినియం పట్టాలు వస్తాయి, పొడుగునా గుండ్రటి గాళ్లు ఉంటాయి, పట్టీల చివర ఉండే ఫిటింగు ఆ గాళ్లలో దిగి టక్కున లాక్ అవుతుంది. ఈ పట్టాలని ఫ్లోర్ మీద పెట్టి, కింద నుంచి దళసరి ఉక్కు ప్లేట్లు వేసి, బోల్టులతో పైకీ కిందకీ కలిపి బిగించాలి. వీలైన చోటల్లా ఆ బోల్టులు ఛాసిస్ అడ్డ కమ్మీల్లోకి వెళ్లాలి. బోల్టులు కిట్‌తో వచ్చినవే వాడండి. ఒకటి పోతే దాని బదులు కొట్లో దొరికిన మామూలు బోల్టు వేయొద్దు, తల మీద 8.8 అనో 10.9 అనో ముద్ర ఉన్న హైటెన్సిల్ బోల్టు, కిట్ కాగితంలో చెప్పిన సైజుదే వేయాలి. డ్రిల్ పెట్టే ముందు బండి కిందకి దూరి చూడమనండి, డీజిల్ ట్యాంకు, బ్రేకు పైపులు, వైరింగు అక్కడే ఉంటాయి. సీఎన్‌జీ సిలిండర్ ఉన్న బండి అయితే ఆ పని తెలిసిన షెడ్డులోనే చేయించండి, రోడ్డు పక్కన వద్దు.

కొనేటప్పుడు పట్టీ మీద కుట్టిన లేబుల్ చదవండి. ఐఎస్ఓ 10542 అని ఉండాలి, వీల్‌చైర్ పట్టీలకీ మనిషి బెల్టులకీ ఉన్న అంతర్జాతీయ ప్రమాణం అది. లారీలో సరుకు కట్టే రాట్చెట్ పట్టీలు చూడటానికి ఇలాగే ఉంటాయి, ధర తక్కువ, కానీ అవి మనిషి కూర్చున్న కుర్చీని ఆపడానికి పరీక్షించినవి కావు.

స్థలం కూడా కొలుచుకోండి. ఒక కుర్చీకి పొడవు 120 సెంటీమీటర్లు, వెడల్పు 75 సెంటీమీటర్లు ఖాళీ కావాలి, ఇది కుర్చీ నిలబడే చోటు మాత్రమే. దాని ముందు తల ముందుకి ఊగినా ఏ కడ్డీకీ తగలనంత జాగా అదనంగా ఉండాలి. తలుపు ఎత్తు ఇంకో చిక్కు, పొడుగు మనిషి కుర్చీలో కూర్చుంటే తల తగులుతుంది, తల వంచి ఎక్కించొచ్చులే అనుకోవద్దు, మెడ కదపలేనివాళ్లు కూడా మీ బండి ఎక్కుతారు. ర్యాంప్ పొడుగ్గా ఉంటే వాలు తగ్గుతుంది. దించేటప్పుడు కుర్చీని వెనక్కి తిప్పి, మీరు కింద వైపు నిలబడి, మెల్లగా వెనక్కి నడుస్తూ దించాలి. ముందుకి దించితే మనిషి బోర్లా పడతారు.

ఇక కాగితాలు. బండికి మార్పులు చేయించడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కిందకి వస్తుంది. పని మొదలుపెట్టక ముందే ఏ బండికి ఏ మార్పు చేస్తున్నారో రాసి తీసుకుని రవాణా శాఖ ఆఫీసుకి వెళ్లండి, అనుమతి తీసుకుని ఆర్సీలో ఎక్కించుకోండి, ఇన్సూరెన్స్ వాళ్లకీ చెప్పండి. కిరాయికి తిప్పే బండి కాబట్టి ఇది మీకు ఇంకా ముఖ్యం, ఏదైనా జరిగి క్లెయిమ్ దగ్గరికి వచ్చాక ఈ మార్పు మాకు తెలియదు అన్నారంటే చాలా ఇబ్బంది పడతారు.

తక్కువలో అయిపోతుందని ఖర్చు మాట ఎత్తారు కాబట్టి మనసులో మాట చెప్తాను. ఈ పని చేయించి, బెల్టులు సరిగ్గా కట్టడం నేర్చుకున్న డ్రైవరు మన ఊళ్లో ఎంతమందికి కావాలో ఈ ఉత్తరాలు చూస్తే తెలుస్తుంది. ముందు మంచి కిట్ ఒక్కటే పెట్టించండి, రెండో కుర్చీ జాగా తర్వాత చూద్దురుగాని.

ప్రశ్న: మా బాబుకి తొమ్మిదేళ్లు, సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని ఒంటి కదలికల మీద పట్టు తగ్గడం). స్కూలు వ్యానులో వాడి కుర్చీని కిటికీ వైపు తిప్పి, అడ్డంగా పెడతారు, అలా అయితే ఇంకో ఇద్దరు పిల్లలు పడతారట. ఛాతీకి హార్నెస్ (కుర్చీకి ఉండే ఛాతీ పట్టీలు) ఉంది కాబట్టి భయం లేదంటున్నారు. కుర్చీకి తగిలించిన ట్రే మీద వాటర్ బాటిల్, బొమ్మలు పెట్టుకుని వెళ్తాడు. నేను ఎక్కువ ఆలోచిస్తున్నానా? (మధురవాడ)

జవాబు: లేదు తల్లీ, సరిగ్గానే ఆలోచిస్తున్నారు. అడ్డంగా పెట్టడం ఒప్పుకోవద్దు. బండి ఆగినప్పుడు ముందుకి చూస్తూ కూర్చున్న పిల్లవాడి బరువుని భుజం దగ్గర, తుంటి దగ్గర ఉన్న బెల్టులు పట్టుకుంటాయి, పక్కకి చూస్తూ కూర్చున్న పిల్లవాడైతే నడుం దగ్గర మెలి తిరిగి మెడ పక్కకి విరుచుకుంటుంది. మెడ మీద పట్టు తక్కువ ఉన్న పిల్లలకి ఇది మరీ ప్రమాదం. కుర్చీలకి చేసే పరీక్షలన్నీ ముందుకి చూసే కుర్చీకే చేస్తారు, పక్కకి తిప్పాక ఏ లేబుల్‌కీ విలువ ఉండదు.

హార్నెస్ ఉన్నది బాబు నిటారుగా కూర్చోడానికి. అది ఉండనివ్వండి, కానీ మెడకి తగిలేంత పైకి జరక్కుండా చూడండి. దాని మీదుగా బండికి బిగించిన నడుం పట్టీ, భుజం పట్టీ విడిగా ఉండాలి. పిల్లలు చిన్నగా ఉంటారు కాబట్టి భుజం పట్టీ మెడ మీదకి వచ్చేస్తుంది, అప్పుడు పట్టీని చంక కిందకి తోసేస్తుంటారు, అది అసలు చేయకూడదు. గోడ మీద పై కొన ఎత్తు మార్చే ఏర్పాటు ఉండాలి, లేకపోతే పెట్టించాలి.

ట్రే తీసేయాలి, ప్రతిరోజూ. తీసి విడిగా ఒక సంచిలో పెట్టి కట్టాలి. గట్టిగా బ్రేకు పడితే ఆ ట్రే అంచు నేరుగా వాడి పొట్టకి తగులుతుంది. బొమ్మ ఒకటి చేతికి ఇవ్వాలనిపిస్తే గుడ్డ బొమ్మ ఇవ్వండి. వాడి కుర్చీ వెనక్కి వాలేదైతే ప్రయాణంలో నిటారుకి దగ్గరగా పెట్టండి, 30 డిగ్రీలకి మించి వాలిస్తే భుజం పట్టీకీ ఛాతీకీ మధ్య ఖాళీ వచ్చి పిల్లవాడు నడుం పట్టీ కిందనుంచి జారిపోతాడు. తల వెనక ఆనుకోవడానికి గట్టి హెడ్‌రెస్ట్ ఉందో లేదో చూడండి. తలని నుదుటి పట్టీతో కుర్చీకి బిగించి కట్టేయడం కొన్ని చోట్ల చూశాను, అది దయచేసి వద్దు. ఒళ్లు ముందుకి వెళ్లి తల మాత్రం అక్కడే ఉండిపోతే మెడ ఏమవుతుందో ఒకసారి ఊహించండి.

స్కూలు వాళ్లతో గొడవ పడకుండా ఎలా చెప్పాలి అని కూడా రాశారు. బాబు లేకుండా ఖాళీ కుర్చీతో, సెలవు రోజున, డ్రైవరునీ ఆయమ్మనీ పిలిచి ఒకసారి కట్టి చూపించండి. మొదటిసారి చాలాసేపు పడుతుంది, కొక్కెం ఎక్కడ పెట్టాలో తడుముకుంటారు, అందుకే ఫ్రేమ్ మీద కొక్కెం తగిలించే నాలుగు చోట్లా ఎర్ర రంగు టేపు చుట్టండి. రెండు మూడు రోజులకే చేతులు అలవాటు పడిపోతాయి. ఆయమ్మ సెలవు పెట్టిన రోజు ఎవరు కడతారో కూడా ముందే అడిగి ఉంచండి. జాగా మాట ఎత్తితే మాత్రం మెత్తబడొద్దు. ఇంకో ఇద్దరు పిల్లలకి సీటు కావాలంటే ఇంకో ట్రిప్పు వేయాలి.

ప్రశ్న: నాకు వెన్నుపూసకి దెబ్బ తగిలి ఛాతీ కింద నుంచి స్పర్శ లేదు. పవర్ వీల్‌చైర్ వాడతాను. వ్యానులో అన్నీ బిగించారు, కానీ నడుం పట్టీ ఆర్మ్‌రెస్టుల మీదుగా వెళ్తోంది, లాగి పెట్టినా వదులుగానే ఉంటుంది. ఋషికొండ దాకా వెళ్లొస్తే ఒకోసారి తలనొప్పి, మొహం నిండా చెమటలు, బీపీ పెరుగుతోంది. ఎండ వల్లనేనా? (ఎంవీపీ కాలనీ)

జవాబు: మీ రెండు ఇబ్బందులకీ సంబంధం ఉండొచ్చు, అందుకే మీ ఉత్తరం చదివి కంగారు పడ్డాను.

మీరు క్యాథెటర్ (మూత్రం బయటికి తీసే ట్యూబు) వాడుతున్నారా అన్నది రాయలేదు. వాడుతుంటే, వచ్చే ప్రయాణానికి ముందు బెల్టు పెట్టాక ఆ ట్యూబు ఎటు వెళ్తోందో ఎవరినైనా చూడమనండి. నడుం పట్టీ కిందో, తొడ కిందో ట్యూబు నొక్కుకుపోతే మూత్రం ఆగి బ్లాడర్ ఉబ్బుతుంది. మీకు నొప్పి తెలియదు. కానీ వెన్నుకి టీ6 (ఛాతీ భాగంలో ఆరో వెన్నుపూస) దగ్గర గానీ ఆ పైన గానీ దెబ్బ తగిలినవాళ్లలో ఒళ్లు దానికి వేరేలా స్పందిస్తుంది, బీపీ ఒక్కసారిగా పెరుగుతుంది, తల పగిలిపోయేంత నొప్పి, దెబ్బ తగిలిన చోటికి పై భాగంలో చెమటలు, మొహం ఎర్రబడటం. డాక్టర్లు దీన్ని ఆటోనోమిక్ డిస్‌రిఫ్లెక్సియా అంటారు. ఇది ఎమర్జెన్సీ. అలా మొదలైతే బండి పక్కకి ఆపించి, నిటారుగానే కూర్చుని (పడుకోకూడదు, పడుకుంటే బీపీ ఇంకా పెరుగుతుంది), బెల్టు వదులు చేసి, ట్యూబు సరిచేసి, బిగుతు బట్టలు, బూట్లు సడలించాలి. తగ్గకపోతే తిన్నగా ఆసుపత్రికే. మీతో వచ్చేవాళ్లకి, డ్రైవరుకి ఇది ముందే చెప్పి ఉంచండి, ఆ సమయానికి మీరు చెప్పే స్థితిలో ఉండకపోవచ్చు. ఎండ వల్ల కూడా ఇబ్బంది రావొచ్చు, మీలాంటివారికి ఒళ్లు చల్లబడటం కష్టం, కానీ ఎండ అనుకుని ఊరుకోవద్దు. ఈ వారమే డాక్టరుని కలవండి.

బెల్టు విషయానికి వస్తే, ఆర్మ్‌రెస్టు మీదుగా వెళ్లే పట్టీ ఎప్పటికీ బిగవదు. చూడటానికి బిగిసినట్టు ఉంటుంది, నిజానికి మీ తుంటికీ పట్టీకీ మధ్య అరచెయ్యి దూరేంత ఖాళీ. పట్టీ ఆర్మ్‌రెస్టుకీ మీ తొడకీ మధ్యలోంచి, కుర్చీ లోపలి వైపునుంచి రావాలి. చాలా పవర్ కుర్చీల్లో ఆర్మ్‌రెస్టు వెనక్కి పైకి లేస్తుంది, దాన్ని లేపి, బెల్టు పెట్టి, మళ్లీ దించండి. లేవని రకమైతే, పక్కన బట్టలు చక్రానికి తగలకుండా ఉండే ప్లాస్టిక్ పలకకీ ఆర్మ్‌రెస్టు కమ్మీకీ మధ్య సందు ఉంటుంది, అందులోంచి దూర్చొచ్చు. పట్టీ పక్కనుంచి చూస్తే ఫ్లోర్‌తో 45 నుంచి 75 డిగ్రీల మధ్య నిటారుగా దిగాలి, ఎంత నిటారుగా ఉంటే తుంటి మీద అంత బాగా నిలుస్తుంది. బకిల్ కుర్చీ భాగానికి నొక్కుకోకుండా ఉండాలి, గుద్దులో అది తెరుచుకునే ప్రమాదం ఉంది. స్పర్శ లేదు కాబట్టి దిగాక తుంటి చర్మం ఎర్రబడిందేమో అద్దంతో చూసుకోండి, బెల్టు అంచు మెలి పడినా, జేబులో తాళాలు ఉన్నా ఒక్క ప్రయాణానికే పుండు మొదలవొచ్చు.

కుర్చీ స్విచ్ ఆపేయండి, మోటారుని మాత్రం గేరులోనే ఉంచండి, తోసుకెళ్లే ఫ్రీవీల్‌లో పెట్టొద్దు. ఆన్‌లో ఉండగా మోచెయ్యి జాయ్‌స్టిక్‌కి తగిలితే కుర్చీ పట్టీలనే లాగేస్తుంది.

ప్రశ్న: అమ్మని వీల్‌చైర్‌తో సహా ఆటోలో ఎక్కించి తాళ్లు కడితే ఫరవాలేదా? దగ్గరే కదా. (అక్కయ్యపాలెం)

జవాబు: ఫరవాలేదు అనలేను. ఆటోలో కుర్చీని గానీ మనిషిని గానీ కట్టడానికి నమ్మకమైన చోటు ఒక్కటీ లేదు, అంత ఎత్తున కూర్చుంటే మలుపులో ఆటో బరువు కూడా మారిపోతుంది. అమ్మని ఆటో సీటు మధ్యలో కూర్చోబెట్టి, పక్కన మీరు కూర్చుని, కుర్చీ మడిచి వెనక కట్టండి. అలా కూర్చోలేని పరిస్థితి అయితే కారు పిలవండి.

ప్రశ్న: ఆర్టీసీ బస్సుల్లో వీల్‌చైర్‌కి చోటు ఉండాలని రూలు ఉందా? (అనకాపల్లి)

జవాబు: ఉంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 41వ సెక్షన్ రవాణా అందరికీ అందుబాటులో ఉండాలంటోంది. కేంద్ర మోటారు వాహనాల నియమాలని సవరించి, 2020 మార్చి 1 నుంచి బస్సుల్లో ప్రాధాన్య సీట్లు, చేతికర్రలు, వాకర్లు పెట్టుకునే చోటు, పట్టుకోడానికి కడ్డీలు, వీల్‌చైర్ ఎక్కించి నిలిపి లాక్ చేసే ఏర్పాటు ఉండాలన్నారు. బస్సు నంబరు, తేదీ, డిపో పేరు రాసి ముందు డిపో మేనేజరుకి, జవాబు రాకపోతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కి రాతపూర్వకంగా ఇవ్వండి. ఒక్కరుగా కాకుండా నలుగురు కలిసి సంతకాలు పెట్టి ఇస్తే మంచిది. కొన్ని దేశాల పెద్ద సిటీ బస్సుల్లో వీల్‌చైర్‌ని వెనక్కి తిప్పి, మెత్తటి పలకకి వీపు ఆనించి, పట్టీలు లేకుండా నిలుపుతారు. ఫొటోలు చూసి మీ వ్యానులో అలా చేద్దామనుకోవద్దు, పెద్ద బస్సు బరువుకి లోపల కుదుపు తక్కువగా ఉంటుంది కాబట్టే అక్కడ అది సరిపోతోంది.

ప్రశ్న: రెండేళ్లుగా వాడుతున్న పట్టీల అంచులు పీచు లేచాయి. ఒకటి తనంతట తాను చుట్టుకునే రకం, అది ఇప్పుడు సగంలో ఆగిపోతోంది. చెప్పులు కుట్టే ఆయన దళసరి దారంతో కుట్టిస్తానంటే ఇవ్వొచ్చా? ఈ నెల సింహాచలం కొండకి వెళ్లాలి. (భీమిలి)

జవాబు: కుట్టించొద్దు. పట్టీ బలం ఆ నేతలో ఉంటుంది, సూది దిగిన ప్రతిచోటా నేత తెగుతుంది. అంచు పీచు లేచినా, ఎండకి రంగు వెలిసి గట్టిపడినా, కుట్టు ఒక్కటి ఊడినా ఆ పట్టీ మార్చేయాలి. బండికి ప్రమాదం జరిగితే పట్టీలు చూడటానికి బాగున్నా సరే అన్నీ మార్చాలి, ఒకసారి లాగుడు తిన్న పట్టీ రెండోసారి అంత బలం చూపించదు.

సగంలో ఆగిపోవడానికి చాలాసార్లు ఇసకే కారణం. మీది సముద్రం ఒడ్డు, చక్రాలకి అంటుకున్న ఇసక ఫ్లోర్ మీద రాలి చుట్టలోకి పోతుంది. పట్టీని మొత్తం బయటికి లాగి, గోరువెచ్చటి నీళ్లలో కొంచెం సబ్బు కలిపి తడిగుడ్డతో తుడిచి, నీడలో పూర్తిగా ఆరాక లోపలికి వదలండి. బ్లీచింగ్, ఆయిలు, గ్రీజు వేయొద్దు. ట్రాకు గాళ్లలో ఇసక ఉంటే పాత టూత్‌బ్రష్‌తో దులపండి, అది ఉంటే ఫిటింగు సగమే దిగి లాక్ అయినట్టు కనపడుతుంది. శుభ్రం చేశాక కూడా ఆగుతుంటే ఆ పట్టీ పక్కన పెట్టేయండి.

సింహాచలం కొత్త పట్టీలు వచ్చాకే వెళ్లండి. ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు బరువంతా వెనక్కి పడుతుంది కాబట్టి, ఎవరూ పట్టించుకోని ముందు రెండు పట్టీలకి అక్కడే పని. కొండ దిగువన ఒకసారి ఆపి నాలుగూ ఊపి చూడండి, పైన దర్శనం అయ్యాక కుర్చీ మళ్లీ ఎక్కించినప్పుడు అలసటలో, జనంలో, తొందరలో కడతారు కాబట్టి దిగే ముందు ఇంకోసారి చూడండి. ఆక్సిజన్ సిలిండర్ తీసుకెళ్తామని రాశారు, దాన్ని కుర్చీ వెనక సంచిలో వేలాడదీయకుండా విడిగా, ఫ్లోర్‌కి, దాని పట్టీతో కట్టండి.